పాత బండి పాపమేం చేసింది?

సంపాదకుల వారికి,

పాత కార్ల రీ-రిజిస్ట్రేషన్ (గడువు తీరిన రిజిస్ట్రేషన్‌ను మళ్లీ పొడిగించుకోవడం) ఫీజు పెంచడం సబబేనంటూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఇరవై ఏళ్లు దాటిన బండి రోడ్డు మీద కనిపించడమే నేరమన్నట్టు రాశారు. ఆ బండ్లు ఎవరి ఇళ్లలో ఉంటాయో రాసినవారికి తెలిసినట్టు లేదు.

మా ఇంట్లో 1995 మోడల్ మారుతి 800 ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 1983 డిసెంబరులో తొలి బండి రోడ్డెక్కింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, ఎన్నో లక్షల కుటుంబాలకు అదే మొదటి కారు. చవక అని మాత్రమే కాదు, బానెట్ ఎత్తితే అందులో ఏముందో మామూలు మనిషికి అర్థమయ్యేది. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే నాన్న మూడు ప్లగ్గులూ విప్పి, మసిని గరుకు కాగితంతో రుద్ది, గ్యాప్ కంటితోనే సరిచూసి బిగించేవారు. కార్బురేటర్ జెట్‌లో నలక పడితే పెట్రోలుతో కడిగి సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు. కాళ్ల కింద ఫ్లోరు తుప్పు పట్టి చిల్లి పడితే టింకరింగ్ షెడ్డులో రేకు అతుకు వేయించి, పైన రెడాక్సైడ్ మేమే పూశాం. సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. ఇవాళ్టి కార్లలో చిన్న సెన్సార్ పోయినా కంపెనీ షెడ్డుకు తోలుకెళ్లి, వాళ్లేసిన బిల్లు కట్టి రావాల్సిందే.

మా బండి ఇంజను బాగానే ఉంది, పొగ పరీక్ష పాసైంది. పోయింది కాగితాల దగ్గరే. 2022 ఏప్రిల్‌కు ముందు 600 రూపాయలున్న రీ-రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కసారిగా 5,000 అయింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండ్ల మీద కాలుష్యం పేరిట వేసే హరిత పన్ను, ఇన్సూరెన్సు వేరే. సరే, కడదామనే వెళ్లాం. తీరా చూస్తే చాసిస్ నంబరులో ఒక అంకె కంప్యూటర్‌లో తప్పుగా ఎక్కింది. ఆర్సీ పుస్తకంలో సరిగ్గానే ఉంది, బండి మీద చెక్కిన నంబరూ అదే. తప్పు ఎక్కించింది వాళ్లు, దిద్దించుకోవాల్సింది మేము! మొదట రిజిస్టరైన ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడివాళ్లు పాత ఫైలు దొరకలేదన్నారు. ఈలోగా ఆలస్య రుసుము గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ టెన్షన్ భరించలేక నాన్నే బండిని తుక్కుకు ఇచ్చేయమన్నారు. మేం నడుపుకుంటూ తీసుకెళ్లిన బండిని తూకం వేసి ఇనుము లెక్కన తీసుకున్నారు. కొత్త కారు కొంటే రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా తగ్గుతుందని చెప్పారు. కొత్త కారు కొనే స్తోమతే ఉంటే ముప్పై ఏళ్ల బండికి అతుకులు వేసుకుంటూ ఎందుకు కూర్చుంటాం?

2021లో పాత బండ్లను తుక్కు చేసే విధానం తెచ్చినప్పుడు, వయసును బట్టి కాదు, ఫిట్‌నెస్‌ను బట్టే నిర్ణయమని ఢిల్లీ పెద్దలే చెప్పారు. మరి పరీక్ష పాసైన బండికి ఈ 10,000 దేనికి? అదే ఏడాది యాభై ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ హోదా ఇచ్చి, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ప్లేటు కూడా పెట్టారు. బంగళాలో కవరు కప్పుకున్న కారు వారసత్వ సంపద, పెళ్లికీ ఆసుపత్రికీ ఇంటిల్లిపాదినీ మోసిన కారు తుక్కు. ఇదేం న్యాయం?

కాలుష్యం మీద అంత పట్టింపు ఉంటే ఏ ఊళ్లోనైనా చెత్త లారీల వెనక వెళ్లి చూడండి. పోలీసు స్టేషన్ల ఆవరణల్లో పట్టుకొచ్చి పడేసిన బండ్లు చెట్లు మొలిచి కుళ్లిపోతున్నాయి. వాటి జోలికి ఎవరూ పోరు. రవాణా ఆఫీసులో మాత్రం ఏజెంటు లేకుండా ఫైలు బల్ల దాటదు.

పరీక్షలు ఎంత కఠినం చేసినా మాకు అభ్యంతరం లేదు. పాసైన బండికి పాత ఫీజే తీసుకోవాలి. కంప్యూటర్‌లో దొర్లిన తప్పును దరఖాస్తు పెట్టిన ఆఫీసులోనే, బండిని చూసి ఆ రోజే సరిదిద్దాలి. అలాంటి జాప్యానికి యజమాని దగ్గర ఆలస్య రుసుము వసూలు చేయకూడదు. ఆ వ్యాసం వేసిన పేజీలోనే ఈ ఉత్తరం కూడా వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి