గోడ లేచాక పిలిస్తే ఏం లాభం?

సంపాదకుడు గారికి,

కొత్త ఆసుపత్రి భవనం గురించి పోయిన వారం మీరు వేసిన వ్యాసం మీద ఈ ఉత్తరం. చదివిన రోజే రాయాలనుకున్నాను. కోపం కాస్త చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. అది చల్లారేలా లేదు.

కళ, ఆర్కిటెక్చర్, మానసిక-సామాజిక పరిశోధన మూడూ కలిస్తే భవనం ఎలా ఉంటుందో చూడండి అన్నట్టుగా మొదలుపెట్టారు. సంతోషంగానే చదివాను. తీరా చూస్తే అందులో ఉన్నది ప్రవేశ హాల్లో ఒక పెద్ద బొమ్మ, దాని ముందు నిలబడి ఫొటో దిగిన అధికారులు, ఎవరెవరు ఏం మాట్లాడారన్న వివరాలు. ప్లాను గీసేటప్పుడు ఆర్టిస్టును పిలిచారా? పరిశోధకులు ఎవరితో మాట్లాడారు? వాళ్లు చెప్పినందువల్ల ప్లానులో కనీసం ఒక్క కిటికీ అయినా చోటు మారిందా? ఒక్కదానికీ జవాబు లేదు. కట్టడం అంతా అయిపోయాక, గోడ బోసిగా ఉందని ఆర్టిస్టును పిలిపించి హడావిడిగా బొమ్మ వేయిస్తే దాన్ని కలిసి పనిచేయడం అనరు. ఆ ఆర్టిస్టుకూ అది అవమానమే. వ్యాసంలో ఆ మనిషి పేరు కూడా లేదు.

నేను మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. వార్డు గోడలు మనుషుల్ని ఏం చేస్తాయో రోజూ చూసినదాన్ని. అందుకే దీన్ని అలంకారం కింద జమకడితే ఊరుకోలేకపోతున్నాను.

1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి వృద్ధ మహిళల వార్డును బాగుచేశారు. కొత్త రంగులు, కొత్త కుర్చీలు. అయినా ఆడవాళ్లు గోడల వెంబడి వరుసగా కూర్చుని, పక్కవాళ్లతో పలకకుండా ఎదురుగా చూస్తూ ఉండేవారు. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ కుర్చీలను లాగించి చిన్న బల్లల చుట్టూ వేయించాడు. మొదట్లో ఎవరికీ నచ్చలేదు. కుర్చీలు మళ్లీ గోడల దగ్గరికే చేరేవి. ఊడ్చేవాళ్లకు కుర్చీలు అలా ఉంటేనే వీలు కదా! పట్టుబట్టి కొన్ని వారాలు అలాగే ఉంచి లెక్క తీస్తే, వార్డులో మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. కొత్త రంగు వల్ల కానిది కుర్చీలు తిప్పితే అయింది. ఓపిగ్గా కూర్చుని గమనించిన మనిషి ఒకడు లేకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది?

ఆ రోజుల్లోనే అక్కడి మానసిక వైద్యుడు హంఫ్రీ ఓస్మండ్, ఆర్కిటెక్ట్ కియోషీ ఇజుమీ కలిసి మానసిక రోగులకు పనికొచ్చే భవనం ఎలా ఉండాలా అని తలలు పట్టుకున్నారు. పొడవాటి కారిడారు రోగి కంటికి ఎంత భయంకరంగా కనబడుతుందో తెలుసుకోవడానికి ఇజుమీ ఎల్‌ఎస్‌డీ అనే భ్రమలు కలిగించే మందు తీసుకుని మరీ వార్డులను చూశాడు. అంతదాకా వెళ్లమని నేను ఎవరినీ అడగను. ప్లాను గీసే ముందు ఒక పూట వార్డులో కూర్చోండి చాలు అంటున్నాను.

1933లో పూర్తయిన ఫిన్లాండ్‌లోని పైమియో శానటోరియం, అంటే క్షయ రోగుల చికిత్సాలయం సంగతి ఆర్కిటెక్చర్ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆర్కిటెక్ట్ దంపతులు ఆల్వార్ ఆల్టో, ఐనో ఆల్టో దాన్ని నిలబడే మనిషి కోసం కాకుండా పడుకుని ఉండే మనిషి కోసం ఆలోచించారు. రోగి రోజంతా చూసేది పైకప్పునే కాబట్టి దానికి కంటికి హాయిగా ఉండే ముదురు రంగు వేశారు. దీపం కళ్లలో పడకుండా పెట్టారు. ఒకరు చేతులు కడుక్కుంటుంటే పక్క మంచం మీదివాళ్లకు నిద్రాభంగం కాకుండా, నీళ్లు చప్పుడు చేయకుండా జారేలా వాష్‌బేసిన్‌ను మలిచారు. అది జరిగి తొంభై ఏళ్లు దాటింది. మరి నేను ఆపరేషన్ చేయించుకున్న ఆసుపత్రిలో ట్యూబ్‌లైటు సరిగ్గా నా కళ్లకు ఎదురుగా ఉండేది. ఆర్పుదామంటే సగం వార్డుకు అదే స్విచ్. పక్క మంచం ఆవిడ మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేది. ఆ వార్డు గుమ్మం బయట గోడ మీద మాత్రం సూర్యోదయం బొమ్మ ఉంది, చాలా బాగుంది కూడా. మంచం మీద ఉన్న ఏ ఒక్కరికీ అది కనబడదు.

ఇవన్నీ ఊహలు, రుజువేదీ అనే అధికారులను చాలామందిని చూశాను. 1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో వేసిన అధ్యయనం ఉంది. అమెరికాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్ని 23 జంటలుగా తీసుకుని, పాత రికార్డులు చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్లకంటే కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా వాళ్లకు తక్కువే అవసరమయ్యాయి. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత పని ఆగలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను కలిపి నివేదిక ఇచ్చింది. చదివే ఓపిక ఉంటే రుజువు కావలసినంత ఉంది.

పరిశోధనను సగంలో వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1979లో సియాటిల్‌లోని నౌకాదళ జైలులో ఒక గదికి గులాబీ రంగు వేసి, అందులో ఉంచితే ఖైదీల కోపం నిమిషాల్లో దిగిపోతుందన్నారు. చూసి చాలా జైళ్లు అదే రంగు పూసుకున్నాయి. తర్వాత కట్టుదిట్టంగా చేసిన ప్రయోగాల్లో అలాంటి ప్రభావమే కనబడలేదు. డబ్బా రంగుతో పని అయిపోతుందంటే అందరికీ ఇష్టమే. ఖైదీతో మాట్లాడనక్కర్లేదు, గది పరిమాణం మార్చనక్కర్లేదు.

ఇక ఆర్టిస్టు చేయాల్సింది బొమ్మ వేయడం ఒక్కటే అని ఎవరు చెప్పారు? బార్బరా స్టెవెనీ, జాన్ లేథమ్ అనే ఆర్టిస్టులు 1966లో లండన్‌లో మొదలుపెట్టిన ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ ఆర్టిస్టులను ఫ్యాక్టరీల్లోకీ ప్రభుత్వ శాఖల్లోకీ పంపేది. కళాఖండం ఏదైనా చేసి తీరాలన్న షరతు లేదు. ముందు చూడాలి, వినాలి, అడగాలి. అలా 1976లో ఇయాన్ బ్రేక్‌వెల్ అనే ఆర్టిస్టు బ్రిటన్ ఆరోగ్య శాఖలోకి వెళ్లి, బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయం విషయంలో ఆర్కిటెక్టులతో కలిసి పనిచేశాడు. అలవాటుపడిన కంటికి ఆననిది కొత్తగా వచ్చినవాడి కంటికి తగులుతుంది. ఆర్టిస్టుతో అసలు పని అక్కడ.

మన దగ్గర ఇవేవీ ఎందుకు జరగవంటే, ఎవరి ఫైలు వాళ్లది. ఇంజినీరింగ్ విభాగం కట్టి అప్పగించి వెళ్లిపోతుంది. ఆరోగ్య శాఖ తాళాలు తీసుకుంటుంది. సాంస్కృతిక శాఖను ప్రారంభోత్సవానికి పిలుస్తారు. వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నీ ఒకే వైపు తిప్పి నేలకు బోల్టులు బిగిస్తారు. తల్లితో మాట్లాడాలంటే కూతురు లేచి ఎదురుగా నిలబడాలి. ఎందుకలా అని అడిగితే ఎవరో ఎత్తుకుపోతారని జవాబు. యూనివర్సిటీలూ తక్కువ తినలేదు. సైకాలజీ, ఆర్కిటెక్చర్, చిత్రకళ మూడూ ఒకే ఆవరణలో ఉన్నా ఒకరి విద్యార్థి పని మరొకరి దగ్గర లెక్కకు రాదు. ప్రమోషన్లకు అడ్డమొచ్చే పని ఏ మాస్టారు చేస్తారు? పత్రికలు కూడా అంతే అయిపోయాయి. ఒకప్పుడు విలేకరి వెళ్లి నలుగురిని కదిలించి రాసేవాడు. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చిన నోట్ మక్కీకి మక్కీ అచ్చవుతోంది.

నేను అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ఆసుపత్రిగానీ, బడిగానీ, వృద్ధాశ్రమంగానీ ప్రజల డబ్బుతో కట్టేటప్పుడు మొదటి గీత గీయకముందే ఆర్టిస్టునూ పరిశోధకులనూ ఆర్కిటెక్టుతో సమానంగా కూర్చోబెట్టాలి, ఫీజు కూడా అలాగే ఇవ్వాలి. జనం చేరిన ఏడాదికి మళ్లీ వెళ్లి, అక్కడ ఉండేవాళ్లనూ పనిచేసేవాళ్లనూ అడిగి, ఏది పనిచేసిందో ఏది చేయలేదో రాయాలి. ఆ ఖర్చు టెండరులోనే విడిగా చూపించాలి. లేకపోతే చివర్లో మిగల్లేదని మొదట కోసేది దాన్నే. ఆ నివేదిక బీరువాలో పెట్టకుండా, బాగాలేదని తేలిన సంగతులతో సహా అందరికీ చదవడానికి ఇవ్వాలి. తర్వాతి భవనం గీసేవాళ్లకు అది అవసరం.

ఇట్లు,
ఒక పాఠకురాలు