సోమవారం ప్రజావాణికి అందరం పోదాం

అందరికీ నమస్కారం. ఇల్లు లేక రోడ్డు మీద పడుకునేవాళ్లకు షెల్టర్లు కావాలని ప్రజావాణిలో, అంటే కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, అర్జీ ఇద్దాం.

మొన్న రాత్రి వరంగల్ స్టేషన్ బయట ఒక పెద్దాయన చెప్పులు సంచిలో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. "లేకపోతే పొద్దుటికి ఉండవు బిడ్డా" అన్నాడు. అప్పటినుంచి నాకు మనసున పట్టడం లేదు.

లక్ష జనాభాకు ఒక 24 గంటల షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే మన నగరం 6 లక్షలు దాటింది. పడక ఒక్కటే చాలదు. ఆధార్, పింఛన్, మందులు, పని ఇప్పించే మనిషి కూడా కావాలి. వీటికి బడ్జెట్‌లో విడిగా పైసలు పెట్టమని అడుగుదాం.

సోమవారం ఉదయం 10 గంటలకు హనుమకొండ కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం. ఆధార్ జిరాక్స్ మర్చిపోకండి.

రాలేనివాళ్లు ఆదివారం సాయంత్రంలోపు మా ఇంటికి వచ్చి అర్జీ మీద సంతకం చేయండి. వాడని దుప్పట్లు ఉంటే ఉతికి తెండి, చిరిగినవి వద్దు.