బడి భోజనం బిల్లులు ముందుగా ఇవ్వాలి

సంపాదకుల వారికి,

బడిలో అన్నం తిని పిల్లలు ఆసుపత్రి పాలైన వార్త వచ్చినప్పుడల్లా మొదటి వేటు వంట చేసే ఆడవాళ్ల మీదే పడుతోంది. వంట బాధ్యత తీసుకున్న ఆ ఆడవాళ్లనే ఏజెన్సీ అంటారు. ఏజెన్సీని తొలగించామని అధికారులు చెబుతారు, అంతటితో సరి. అప్పు మీద సరుకులు తెచ్చి వండిన ఆ ఏజెన్సీకి ప్రభుత్వం ఎన్ని నెలల బిల్లులు బాకీ ఉందో ఎవరూ అడగరు. సర్కారు బడుల్లో పనిచేసి రిటైరైనవాడిగా నేను అడుగుతున్నది అదే.

ఒకసారి లెక్క చూడండి. ప్రాథమిక పాఠశాలలో ఒక్కో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది. 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఉప్పూకారం, గ్యాస్ అన్నీ కలిపి 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన ధర రూ.6.78. అంటే 60 మంది ఉన్న బడికి రోజుకు రూ.407. నెలకు 20 రోజులు వండితే ఎనిమిది వేల పైచిలుకు. బిల్లు మూడు నెలలు ఆగితే కిరాణా కొట్టులో బాకీ రూ.24 వేలు దాటుతుంది. వండే మనిషికి తెలంగాణలో నెలకు ఇచ్చే గౌరవ వేతనం రూ.3 వేలు. కేంద్రం లెక్క అయితే 2009లో పెట్టిన వెయ్యి దగ్గరే ఉంది. ఇంత తక్కువ రాబడి ఉన్న మనిషి ప్రభుత్వానికి అప్పు పెట్టి మన పిల్లలకు అన్నం వండాలా?

నేను పనిచేసిన ఒక బడిలో కొట్టు యజమాని పాత బాకీ తీరితేనే కందిపప్పు ఇస్తానన్నాడు. ఏజెన్సీ ఆమె ఖాతా పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఏం వండమంటారు సార్ అని అడిగింది. ఆ రోజు ఉన్న కాస్త పప్పులో సొరకాయ ముక్కలు పెంచి, నీళ్లు ఎక్కువ పోసి వడ్డించింది. ఐదో తరగతి పిల్లాడొకడు పళ్లెం వంచి, అడుగున చేరిన పప్పు వైపు అన్నం తోసుకుంటూ తిన్నాడు. పప్పు పలచబడితే పిల్లలకు ఆకలి మిగలడంతో సరిపోతుంది. కాగిన నూనెనే మళ్లీ కాచడం, వాడిపోయిన కూరగాయలు తక్కువకు దొరికాయని తేవడం కూడా ఈ బాకీల వల్లే మొదలవుతాయి. అవి పిల్లల ప్రాణం మీదికే వస్తాయి.

డబ్బు అయిపోతే బడిలో ఉన్న వేరే నిధులు తాత్కాలికంగా వాడుకోవచ్చని 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే, కానీ చిన్న బడికి వేరే నిధి ఎక్కడిది? పట్టణాల్లో ఒకేచోట వండి వ్యాన్లలో పంపితే సరిపోతుందని కొందరంటారు. దగ్గర ఊళ్లకు కుదురుతుందేమో గానీ, మారుమూల బడికి చేరేసరికి అన్నం చల్లారిపోతుంది. పైగా ఏ పిల్ల ఎందుకు తినడం లేదో ఊళ్లో వండే అమ్మకు తెలిసినట్టు వ్యాన్ డ్రైవరుకు తెలియదు.

విద్యాశాఖను నేను కోరేది రెండే. ఒక నెల ఖర్చు ఏజెన్సీ ఖాతాలో ముందే వేయాలి, హాజరును బట్టి లెక్క తర్వాత సరిచూసుకోవాలి. బడి గోడ మీద మెనూ పక్కనే చివరి బిల్లు ఏ తేదీన, ఏ నెలకు వచ్చిందో కూడా రాయించాలి. తనిఖీకి వచ్చే అధికారి అన్నం రుచి చూసే ముందు ఆ తేదీ చూడాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా