పునాదికి ముందు తీసే బోర్ల గురించి పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా భవనాల పునాదులు డిజైన్ చేస్తున్న ఇంజనీరును. వాణిజ్య భవనాల ఫైలులో మట్టి పరీక్ష నివేదిక ఉందా లేదా అని చూస్తున్నారే గాని, అందుకోసం మట్టి నమూనాలు తీసే బోర్లు ఎక్కడ, ఎన్ని, ఎంత లోతుకు తీయాలో ముందుగా ఎవరు నిర్ణయించారని అడిగినవారు నా అనుభవంలో లేరు. ఆ ఒక్క విషయం మీద తమరు దృష్టి పెట్టాలని కోరుతున్నాను.

కొన్నేళ్ల కిందట రెండు వందల అంకణాల స్థలంలో సెల్లారుతో కట్టబోయే ఐదంతస్తుల దుకాణ సముదాయానికి నా చేతికి ఒక నివేదిక వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క బోరు. లారీ నిలబెట్టడానికి వీలుగా ఉందని దాన్ని గేటు పక్కనే తీశారు. మూడున్నర మీటర్ల దగ్గర సుత్తి దెబ్బలకు గొట్టం దిగకపోయేసరికి రాయి తగిలిందని రాసి ఆపేశారు. తీరా సెల్లారుకు తవ్వితే అక్కడ బయటపడింది ఎద్దుబండి అంత గండశిల, దాని కింద మళ్లీ మెత్తటి మట్టే. స్థలం వెనక భాగంలో పిసికితే వేళ్లకు అంటుకుపోయే నల్లటి బంకమట్టి, అందులో ఇంకా కుళ్లిపోని తుంగ వేళ్లు. ఎప్పుడో పూడ్చేసిన గుంట అది. పని ఆపి, మరో నాలుగు బోర్లు తీయించి, ఒక్కో స్తంభం కింద వేసే విడివిడి ఫుటింగులకు బదులు భవనమంతటికీ ఒకే పలకలా ఉండే రాఫ్ట్ పునాది వేయించేలోగా పక్కవారి ప్రహరీ బీటలిచ్చింది. మొదటి నివేదికను నమ్మి నేను కూడా సంతకం పెట్టానన్న బాధ నాకు ఈనాటికీ పోలేదు.

మన ఊరి నేల ఒక్క బోరుకు అంతుచిక్కేది కాదు. శేషాచలం కొండల మీద ఉన్నది క్వార్ట్జైట్, దాని అడుగున ఉన్నది అంతకంటే ఎంతో పాతదైన గ్రానైట్. కొండ మీద నుంచి యుగాలుగా దొర్లి వచ్చిన రాళ్లు మట్టిలో కలిసిపోయి కొండ పాదాల వెంబడి పరుచుకున్నాయి. స్వర్ణముఖి వైపు వెళ్తే ఇసుక, ఒండ్రు వస్తాయి. ఇక కొర్లగుంట, తాతయ్యగుంట అన్న పేర్లు చాలు, ఊరి మధ్యలో ఒకప్పుడు నీళ్లు ఎక్కడ నిలిచేవో చెప్పడానికి.

దాదాపు ఎకరం, అంటే 0.4 హెక్టారు స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు కావాలని ఐఎస్ 1892 అనే భారతీయ ప్రమాణం 1979 కూర్పులోనే ఉంది. లోతును భవనాన్ని బట్టి నిర్ణయించాలి గాని మీటరుకు ఇంత అన్న రేటును బట్టి కాదు. పునాది అడుగు నుంచి దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్ల లోతు వరకు బరువు ప్రభావం లెక్కలోకి వస్తుంది కాబట్టి, విడి ఫుటింగుకు సరిపోయిన బోరు రాఫ్టుకు సరిపోదు. రాయి తగిలినచోట కనీసం మూడు మీటర్లు కోర్ (రాతిని కడ్డీలా కోసి తీసే నమూనా) తీస్తేనే అది గండశిలో, అసలు పరుపు రాయో తేలుతుంది. పక్క స్థలంలో నీళ్ల బోరు వేసినప్పుడు ఇరవై అడుగులకే రాయి వచ్చిందని యజమానులు చెబుతుంటారు. కానీ ఆ నీళ్ల బోరు యంత్రం అన్నిటినీ పొడి చేసి పైకి ఊదేస్తుంది, పరీక్షకు పనికొచ్చే నమూనా ఒక్కటీ మిగలదు.

నీటి మట్టం సంగతి ఇంకా ముఖ్యం. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. మే నెలలో బోరు తీసి నీరు లేదని రాస్తే ఆ మాట మే నెలకే నిజం. 2021 నవంబరు వానలకు కృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో దించిన సిమెంటు ఒరల నీటి తొట్టి మనిషెత్తు దాటి పైకి లేచి నిలబడిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. చుట్టూ నీరు పెరిగితే ఖాళీ సెల్లారును కూడా అదే బలం పైకి నెడుతుంది. అందుకే ఒక బోరులోనైనా చిల్లుల గొట్టం ఉంచి, వానాకాలం గడిచేదాకా నీటి మట్టం కొలిపించాలి.

కనుక సెల్లారు ఉన్న ప్రతి వాణిజ్య భవనానికీ, బోరు తీసే రిగ్గు స్థలంలోకి రాకముందే బోర్ల స్థానాలు, లోతులు భవన నక్షా మీద గుర్తించి, డిజైన్ చేసే ఇంజనీరు సంతకంతో నగరపాలక సంస్థకు గానీ తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా)కు గానీ సమర్పించాలని ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. కోర్ పెట్టెలను పునాది తనిఖీ పూర్తయ్యేదాకా స్థలంలోనే ఉంచాలి. వచ్చిన నివేదికలను వార్డులవారీగా భద్రపరచి, అందరూ చూసేలా ఉంచితే, కొత్తగా కట్టేవారు తమ స్థలం పక్కన నేల ఎలా ఉందో ముందే తెలుసుకుని బోర్లు నిర్ణయించుకోగలరు. యజమానులు అంగీకరించిన మేరకు, నా దగ్గరున్న పాత నివేదికలన్నిటినీ ఆ పనికి ఉచితంగా అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక నిర్మాణ ఇంజనీరు, తిరుపతి