స్టేషన్‌కు రంగులు సరే, ప్యాసింజర్లేవి?

సంపాదకులకు,

అయ్యా, చిత్తూరు రైల్వేస్టేషన్ ముస్తాబు గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన వార్త చదివాను. రైల్వేస్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో మన స్టేషన్ ఉండటం మంచిదే. ఫొటోలూ బాగున్నాయి. ఒక్క ఫొటోలోనూ రైలు మాత్రం లేదు!

2020 మార్చిలో కరోనా వచ్చి ప్యాసింజర్ రైళ్లు ఆగాయి. అప్పుడు ఎవరూ తప్పుపట్టలేదు. మళ్లీ నడిపేటప్పుడు వాటికే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేశారు. 2024లో, సరిగ్గా ఎన్నికల ముందు, మళ్లీ 10కి దించారు. అన్నాళ్లూ గుంజిన అదనపు డబ్బు ఏ సుఖానికో ఇప్పటికీ అర్థం కాదు.

సరే, టికెట్ దిగింది. రైళ్ల సంగతేంటి? కరోనాకు ముందు తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య ఏ ప్యాసింజర్లు తిరిగేవి, ఇప్పుడు ఏవి తిరుగుతున్నాయి, పూతలపట్టు, పనపాకం లాంటి చోట్ల ఏది ఆగుతుంది? ఇంతే, ఒక్క కాగితం. కొత్తగా రంగేసిన గోడలున్నాయి కదా, అంటించమనండి.

అడిగితే సింగిల్ లైను అంటారు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఈ 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు రూ.1,332 కోట్లతో ఆమోదం తెలిపింది. సంతోషం. ఆ రెండో లైను పడేదాకా కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోయే రోగులు బస్టాండులో పడిగాపులు కాయాలా? ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. వేలూరు బస్సు పక్క రాష్ట్రానికి పోయేది, దానిలో ఫ్రీ లేదని ఆయనకు తెలీదు పాపం. బస్సెక్కే అలవాటుంటే కదా!

పాకాల జంక్షన్ గురించి అడిగితే 2022 నుంచి అది తిరుపతి జిల్లా అంటారు. రైళ్లంటే గుంతకల్లు డివిజన్‌ను అడగమంటారు. ఇక గుంతకల్లు వాళ్లు విశాఖ జోన్ వైపు చూపిస్తారు కాబోలు. మన నాయకులేమో రేణిగుంటలో విమానం ఎక్కుతారు. వినతిపత్రం ఇస్తున్న ఫొటో మాత్రం ఏటా వస్తుంది, మీరూ అది వేసి ఊరుకుంటారు. ఆ వినతికి జవాబేమొచ్చిందో ఒక్కసారైనా రాశారా?

తెల్లవారుజామున కాట్పాడికి ఒక ప్యాసింజరు, ఆస్పత్రి పని ముగిశాక రాత్రికి ఇల్లు చేర్చే బండి ఒకటి. ముందు వీటి సంగతి తేల్చమనండి. ముస్తాబు తర్వాత చూసుకోవచ్చు.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మురకంబట్టు, చిత్తూరు