అమీర్‌పేటలో కట్టిన ఫీజు

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకమే, వేరే సాకు చెప్పను. మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం.

నిన్న ఆఫీసులో జరిగింది నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. కొత్త యాప్‌ను రెండు రకాల ఫోన్లకూ కలిపి ఒకేసారి యాప్ తయారుచేసే ఫ్లట్టర్ అనే పరికరంలో రాద్దామంటాడు ఒక కుర్రాడు. కాదు, ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ భాషలో, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలో విడివిడిగా రాయాలంటుంది ఒక అమ్మాయి. గంటసేపు వాదించుకున్నారు. చివరికి ఆ అమ్మాయి, "నీకు వచ్చింది అదొక్కటే కాబట్టి అలా అంటున్నావు" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 2012లో ఎస్.ఆర్. నగర్ గదిలో నువ్వు నన్ను అన్నది అదే మాట. దానికి నీతో నాలుగు రోజులు మాట్లాడలేదు, గుర్తుందా?

ఆ మాట నిజమేరా. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. మా యాప్‌ను ముందు ఏ ఫోనుకు చేయాలో చెప్పమని ఆఫీసువాళ్లు నన్ను నివేదిక అడిగారు. పద్నాలుగు పేజీలు రాసి మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోన్ అని తేల్చాను. దానికి యాప్ రాసే పరికరాలు బాగున్నాయన్నాను. కంప్యూటర్ తెర మీదే ఫోనులా పనిచేసే అప్పటి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ ఫోను ఎంతమంది చేతుల్లో ఉందన్న ప్రశ్నను పన్నెండో పేజీలో ఒక్క వాక్యంతో దాటేశాను. అసలు రాయని కారణం ఇంకొకటి ఉంది. అమీర్‌పేటలో మైక్రోసాఫ్ట్ పరికరాలు నేర్పే డాట్‌నెట్ కోర్సుకు మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. నాకు వచ్చింది సీషార్ప్, ఆ ఫోనుకు యాప్‌లు రాసే భాష. ఆ ఫోను గెలిస్తే నాన్న డబ్బు గెలిచినట్టు.

నీ సంగతికి వద్దాం, తప్పించుకోకు. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ ఒక నిబంధన పెట్టింది: ఐఫోన్ యాప్‌ను తాను చెప్పిన భాషల్లోనే రాయాలి, అడోబీ వాళ్ల ఫ్లాష్‌లో రాసి మార్చుకొస్తే కుదరదు. నాణ్యత కోసం ఆ మాత్రం కట్టడి ఉండాలన్నావు. సెప్టెంబరులో అదే ఆపిల్ ఆ నిబంధనను సడలించింది. ఎంత విశాల హృదయమో అన్నావు! ఐదు నెలల తేడా, అదే బాల్కనీ, అదే టీ గ్లాసు. ఐఫోన్ యాప్‌లు రాయడానికి చీటీ పాడి సెకండ్‌హ్యాండ్ మ్యాక్ కొన్నావు, వాయిదాలు ఇంకా మిగిలే ఉన్నాయి. పాపం, నువ్వు మాత్రం ఇంకేమంటావు?

మన ఇద్దరినీ కంపెనీల మనుషులని వెక్కిరించేవాళ్లు. నాకు ముట్టింది ఒక సదస్సులో ఇచ్చిన టీషర్టు, అదీ బిగుతు.

నోకియా గొడవను తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. 2010 సెప్టెంబరులో స్టీఫెన్ ఎలాప్ మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చి నోకియా సీఈఓ అయ్యాడు. 2011 ఫిబ్రవరిలో, మనం సముద్రంలో మండుతున్న చమురు వేదిక మీద నిలబడి ఉన్నామని ఉద్యోగులకు లేఖ రాశాడు. కొద్ది రోజులకే ఇకపై విండోస్ ఫోనే మా దారి అని ప్రకటించాడు. నోకియా మాట నమ్మి, యాప్‌లు రాసే క్యూటీ అనే పరికరం నేర్చుకున్నవాళ్లు కుదేలయ్యారు, ఎందుకంటే కొత్త ఫోన్లలో దానికి చోటు లేదు. నువ్వు ట్రోజన్ గుర్రమా, అంటే మైక్రోసాఫ్ట్ లోపలికి పంపిన మనిషివా అని బార్సిలోనాలో ఎలాప్‌ను మొహం మీదే అడిగారు. కాదన్నాడు. గూగుల్‌తోనూ మాట్లాడామని, ఆండ్రాయిడ్ తీసుకుంటే గుంపులో ఒకరిగా మిగిలిపోతామని చెప్పుకున్నాడు.

నేను గంతులు వేశాను. నోకియా పాత ఫోన్ల సాఫ్ట్‌వేర్ సింబియన్ మీద పనిచేసినవాళ్లది కడుపుమంట, నేర్చుకున్న విద్య పోయిందని ఏడుపు అన్నాను. ఏడుపు ఉన్నమాట నిజమే. కానీ అదే ఏడాది మీగో అనే సాఫ్ట్‌వేర్‌తో నోకియాదే ఎన్9 ఫోను వచ్చింది. మిత్రుడి చేతిలో దాన్ని పది నిమిషాలు ఆడించి చూశాను. వేలితో అంచు నుంచి తోస్తే తెరలు జారిపోయే తీరు చూసి నోరు పెగల్లేదు. వాళ్లకు స్వార్థం ఉంది, వాళ్ల మాటలో పస కూడా ఉంది. ఆ రెండోది నేను వినిపించుకోలేదు. 2013లో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు కొంటున్నట్టు ప్రకటించింది, మరుసటి ఏడాది ఎలాప్ తిరిగి అక్కడికే చేరాడు. "చూశావా!" అన్నావు నువ్వు. తర్వాత జరిగినదాన్ని బట్టి ముందే కుట్ర ఉందనడం సరికాదని ఇప్పటికీ అంటాను. ఇది కూడా అమీర్‌పేట ఫీజే మాట్లాడుతోందేమో, నువ్వే చెప్పు.

2012లో విండోస్ ఫోన్ 7 కొన్నవాళ్లకు 8 రాదన్నారు. కెర్నెల్, అంటే ఫోను సాఫ్ట్‌వేర్ గుండెకాయ మారింది, తప్పదని సమర్థించాను. 2013లో మైక్రోసాఫ్ట్ చేసిన యూట్యూబ్ యాప్‌ను గూగుల్ తీసేయమంటే మాత్రం వారం రోజులు గూగుల్‌ను తిట్టాను. ఆ యాప్‌లో, గూగుల్‌కు రాబడి తెచ్చే ప్రకటనలే లేవన్న సంగతి నీకు చెప్పనే లేదు.

2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల సీఈఓ కాగానే మా అమ్మ ఫోను చేసి, "మన హైదరాబాదు అబ్బాయేనట కదా, ఇక నీ ఫోనుకు ఢోకా లేదు" అంది. నేనూ లోలోపల అలాగే అనుకున్నాను. మరుసటి ఏడాది జూలైలో ఆయనే నోకియా కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసి, 7,800 ఉద్యోగాలు తీసేస్తున్నామన్నాడు. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు.

సరే, నిన్నటి పంచాయితీ తీర్పు సోమవారం నేనే చెప్పాలట. రాత్రి ఫ్లట్టర్ తెరిచి చూశాను. దాని భాష డార్ట్ నాకు తెగ నచ్చింది. ఎందుకా అని చూస్తే, అచ్చం సీషార్ప్‌కు చిన్నమ్మ కూతురిలా ఉంది! అందుకే తీర్పు పక్కన పెట్టి నీకు ఉత్తరం రాస్తున్నాను. నీ సలహా ఏమిటో ఆదివారంలోగా ఫోను చేసి చెప్పు. స్విఫ్ట్ అంటావని తెలుసు, అయినా కారణాలు చెప్పు, ఈసారి మధ్యలో అడ్డుపడను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. పిల్లలకు ఆశీస్సులు.

నీ
రఘు

తా.క. నా పాత విండోస్ ఫోను, నోకియా లూమియా, బీరువాలో దొరికింది. చార్జింగ్ పెడితే వెలిగింది. అక్షరాల పొందిక ఇప్పటికీ ఏ ఫోనులోనూ అంత బాగుండదు. నవ్వకు.