తల్లిపాలు మంచివని తెలుసు, పట్టడం ఎలాగో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు మొదటి వారంలో మీరు తల్లిపాల మీద పేజీ వేస్తారు. గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు మంచినీళ్లు కూడా వద్దు... అన్నీ నిజమే. పోయినేడు కడుపుతో ఉండి ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకున్నాను. కానీ బిడ్డ నోటికి రొమ్ము ఎలా అందించాలో అందులో ఒక్క ముక్క లేదు.

మాది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున చిన్న ఊరు. నాకు సిజేరియన్ అయింది. కుట్ల నొప్పికి పక్కకి తిరగలేను, పాప ఏడుపు ఆపదు, రెండో రోజు సాయంత్రానికే "నీకు పాలు పడలేదమ్మా" అంటూ ఆసుపత్రిలో నర్సు డబ్బా పాలు కలిపి పట్టేసింది, నన్ను అడగనైనా అడగలేదు. మొదటి రోజు పూటకి చెంచాడు ముర్రుపాలు చాలని, పాలు బాగా దిగడానికి రెండు మూడు రోజులు పడుతుందని, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చని ఆ రోజు ఎవరైనా చెప్పుంటే నేను అంత ఏడ్చేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక పాలు పడాలని అత్తయ్యగారు తెలగపిండి కూర, మునగాకు పెట్టారు. అమ్మేమో నరసాపురం నుంచి పాలసొర చేప తెప్పించి పుట్టు కూర చేసింది. తిన్నాను, రుచికి వంక పెట్టను. కానీ బిడ్డ లాగినకొద్దీ కదా పాలు ఊరేది, డబ్బా పాలతో కడుపు నిండిన పిల్ల ఎందుకు లాగుతుంది? లాగినా మొన చివర పట్టుకునేది, పగిలి రక్తం వచ్చేది. పాప ఏడుపు వినగానే నాకు భయం వేసేది. బయటికి చెప్పుకోలేని మాట, అయినా రాస్తున్నాను.

ఏడో రోజున మా ఊరి ఆశా అక్క వచ్చింది. నా వెనక దిండ్లు సర్ది, పాపని కుట్లకి తగలకుండా నా చంక కిందుగా పెట్టించి, "నోరు బాగా తెరిచేదాకా ఆగు, మొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లభాగం కూడా లోపలికి పోవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి" అంది. పావుగంట పట్టిందేమో, గుటకల చప్పుడు వినబడింది! పాప రోజుకి ఆరుసార్లైనా ఉచ్చ పోస్తుంటే, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టేనని, ఏడ్చినప్పుడల్లా డబ్బా వైపు చూడొద్దని చెప్పింది. డబ్బా మానడానికి మాత్రం పది రోజులు పట్టింది, పూట పూటా తగ్గించుకుంటూ వచ్చాం.

ఇప్పుడు ఐదో నెల. తాగుతూ తాగుతూ ఆపి నా మొహంలోకి చూసి నవ్వుతుంది, పాలు బుగ్గ మీదుగా కారిపోతాయి. పక్క గదిలో కూత వేస్తే చాలు, నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతుంది. నాకు పాలు లేవని చెప్పిన వాళ్లకి ఇది చూపించాలనిపిస్తుంది.

డబ్బా పాలు పట్టే తల్లుల్ని తప్పు పట్టడం లేదు, డాక్టరు అవసరమంటే పట్టాల్సిందే. కానీ పాలడబ్బాల ప్రచారాన్ని అడ్డుకునే చట్టం 1992 నుంచే ఉంది. ఆశా కార్యకర్తలు 42 రోజుల్లో ఆరుసార్లు బాలింత ఇంటికి రావాలన్న నియమమూ ఉంది. ఆ అక్క నాకు ఏడో రోజున చూపించింది ఆసుపత్రిలో మొదటి రోజే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించలేరా?

మీరు కూడా బిడ్డని ఎలా పట్టుకోవాలో బొమ్మలతో ఒక పేజీ వేయండి. వచ్చే ఆగస్టు దాకా ఆగకండి, మా ఆడపడుచుకి కార్తీకంలో పురుడు.

- ఒక తల్లి, కోనసీమ